బూజు నేర్పిన నకలు

జిల్లా దస్త్రాల కార్యాలయానికి బూజు కొత్తకాదు. కింది అరల్లోని రిజిస్టర్లకి అది ఎప్పట్నుంచో పట్టే ఉంది. కాని బూజు ఆఫీసరుగారి కార్లో, వెనకసీట్లో, మూతకి చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో కూర్చుని దర్జాగా దిగడం మాత్రం అదే మొదలు.

ఆ డబ్బాని ఒళ్లో పెట్టుకుని వచ్చినవాడు పానకాలు. నకళ్ల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. పుట్టినతేదీ నకలు కావాలన్నా, పాత దస్తావేజు నకలు కావాలన్నా జనం అతని బల్ల దగ్గరికే వస్తారు. రిజిస్టరు తీసి, పేజీ వెతికి, పక్కనున్న జిరాక్సు మిషను మీద నకలు తీసి, అసలుతో అక్షరం అక్షరం సరిచూసి, 'సరిగా ఉన్నది' అని రాసి ముద్ర వేసి ఇస్తాడు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. పొద్దున్నే స్నానం చేసి, దేవుడి ముందు కూర్చుని పది పేజీలు పారాయణం చేసుకుంటే గాని అతను ఇల్లు కదలడు. నకలులో తప్పు దొర్లితే ఆ పాపం మిషనుది కాదు, తనదేనని నమ్మే మనిషి.

దస్త్రాల అధికారి చక్రధరంగారు మూడురోజుల శిక్షణకి వెళ్తూ, నోట్సు రాయడానికి పానకాలుని వెంట తీసుకెళ్లారు. శిక్షణ పేరు 'ప్రకృతి ఒడిలో పరిపాలన'. మొదటిరోజు చీమల గురించి చెప్పారు, రెండోరోజు తేనెటీగల గురించి చెప్పారు. రెండురోజులూ చక్రధరంగారు కునికిపాట్లు పడ్డారు. మూడోరోజు ఒక శాస్త్రవేత్త, నడివయసు ఆవిడ, గాజుపళ్లెంలో పసుపుపచ్చగా వల అల్లినట్టు పాకి ఉన్న ఒకదాన్ని తెచ్చి బల్లమీద పెట్టింది.

"దీన్ని జిగురుబూజు అంటారండీ. పేరుకే బూజు, నిజానికి వేరే జాతి. ఇంత ఒళ్లూ ఒకటే కణం. లోపల లక్షల కేంద్రకాలుంటాయి, మధ్యలో గోడలు మాత్రం లేవు. చీలేముందు ప్రతి కేంద్రకమూ తన జన్యువులన్నిటికీ నకలు తీసుకోవాలి. చిత్రమేమిటంటే అన్నీ దాదాపు ఒకేసారి మొదలుపెడతాయి."

'నకలు' అన్నమాట చెవినపడగానే చక్రధరంగారికి మెలకువ వచ్చింది.

"ఎక్కడ మొదలుపెడతాయమ్మా?"

"అదే మేం చూస్తున్నామండీ. చాలాచోట్ల పనిచేస్తున్న జన్యువు పక్కనే మొదలవుతోంది. పనిచేస్తోందంటే, ఆ సమయానికి కణం దాన్ని చదువుతోందని అర్థం. ఎందుకలా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు."

పానకాలు కలం ఆపాడు. "మరి చదవనివాటి గతేమిటమ్మా?"

"వాటికీ అవుతుందండీ. కాస్త వెనకాల, పక్కనుంచి సాగుతూ వచ్చి వాటినీ కలుపుకుంటుంది. ఒక్కటి కూడా మిగలదు."

ఆ మాట పానకాలుకి ఎంతో నచ్చింది. శ్రద్ధగా రాసుకున్నాడు. చక్రధరంగారు ఆవిణ్ణి అడిగి ఆ బూజు ముక్క ఒకటి డబ్బాలో వేయించుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఆ నోట్సు తీసుకుని, 'చాలాచోట్ల' అన్న మాట కొట్టేశారు. 'ఇంకా తేలలేదు' కొట్టేశారు. 'ఒక్కటి కూడా మిగలదు' అన్న వాక్యం మీద రెండు గీతలు గీశారు.

"ఉత్తర్వులో అనుమానాలు ఉండకూడదు పానకాలూ. దయ అసలే ఉండకూడదు" అన్నారు.

సోమవారం పది గంటలకి నోటీసుబోర్డు మీద ఉత్తర్వు అంటించారు.

'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ప్రకృతియందు నకలు అనునది చురుకైన చోటు పక్కనే ఆరంభమగునని శాస్త్రము నిర్ధారించినది. కావున సదరు నకళ్ల యంత్రమును ఇకమీదట చురుకైన ఉద్యోగి పక్కన మాత్రమే ఉంచవలెను. చురుకులేని చోట నకలు ఆరంభించుట ప్రకృతి ధిక్కారముగా పరిగణించబడును.'

చురుకు ఎవరిలో ఉందో తేల్చే బాధ్యత సూపరింటెండెంటు భుజంగానికి అప్పగించారు. ఆయన కాగితమూ పెన్సిలూ పట్టుకుని, ఎవరు కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారో రోజంతా లెక్కపెట్టాడు. సాయంత్రానికి పానకాలు దగ్గర ఆగాడు.

"ఏమయ్యా, పొద్దున్నుంచీ మూడుసార్లే లేచావు. ఒంట్లో బాగానే ఉందా?"

"పని చేసుకుంటున్నాను కదండీ. ముప్పై నకళ్లు ఇచ్చాను."

"ఇచ్చావు. ఎవరు కాదన్నారు? కాని అందులో చలనం ఏదీ? చూసేవాడికి చలనం కనపడాలా వద్దా?"

పానకాలు పేరుకెదురుగా ఎర్రసిరాతో 'నిద్రాణం' అని పడింది. అందరికన్నా ఎక్కువసార్లు లేచినవాడు భుజంగమే. రెండొందల పధ్నాలుగు సార్లు. తన కుర్చీ దగ్గర సెల్లుకి సిగ్నలు అందక ఆయన రోజంతా వరండాలో తిరుగుతూనే ఉంటాడు మరి.

మంగళవారం మిషను భుజంగం పక్కకి వెళ్లింది. అయితే భుజంగం తన పక్కన తనే ఉండడు. అందుకని మిషనుకి నాలుగు చక్రాలు బిగించి, అరవై అడుగుల వైరు తగిలించి, ఆయన వెనకాలే తోసుకుంటూ తిరగమని అటెండరు మస్తాన్‌కి చెప్పారు.

"జరగండి, జరగండి! చురుకు వస్తోంది!" అని అరుస్తూ మస్తాన్ వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి బండి తోసేవాడు. కాగితం పట్టుకున్నవాళ్లు వెనకాల పరిగెత్తేవారు. భుజంగం ఫోను మాట్లాడుతూ ఉన్నట్టుండి వెనక్కి తిరిగితే బండీ, మస్తానూ, జనమూ అందరూ తిరగాలి.

ఆ రోజే సలోమి వచ్చింది. ఏటి అవతల లంకగ్రామంలో ఆశా కార్యకర్త.

"అన్నయ్యగారూ, పదమూడేళ్లుగా లంకలో పురుళ్లన్నిటికీ పడవెక్కించి ఆసుపత్రికి తీసుకొచ్చేది నేనే. ఇన్నాళ్లకి నర్సు శిక్షణకి పిలిచారు. ముప్పై అయిదు దాటకూడదంట. నాకు వచ్చేనెల పదిహేడుకి నిండిపోతాయి. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోపు శిక్షణ కేంద్రంలో పుట్టినతేదీ నకలు ఇవ్వకపోతే ఇక ఈ జన్మకి అవకాశం లేదు."

"అంత మాటెందుకు తల్లీ. రేపొచ్చి తీసుకెళ్లు" అన్నాడు పానకాలు. ఇరవై ఆరేళ్లలో అతను 'రేపు' అన్నది ఏనాడూ ఎల్లుండి కాలేదు.

మర్నాటికి ఆఫీసు రూపే మారిపోయింది. జిగురుబూజులో గోడలు లేవు కాబట్టి విభాగాల మధ్యనున్న చెక్క అడ్డుగోడలు పీకేశారు. జననాల రిజిస్టర్లూ మరణాల రిజిస్టర్లూ ఒకదాని మీదొకటి కూలబడ్డాయి. అన్ని కేంద్రకాలూ ఒకేసారి మొదలుపెడతాయి కాబట్టి పదకొండుకి గంట కొట్టగానే సిబ్బంది అంతా ఒక్కసారిగా నకలు మొదలుపెట్టాలన్నారు. ఉన్నది ఒకే మిషను. గంట మోగగానే ముప్పై ఏడుమంది ఒకే మీట మీద వేళ్లు పెట్టడానికి తోసుకున్నారు. టైపిస్టు గాజులు పగిలాయి.

పానకాలు ఆ తొక్కిసలాట తగ్గేదాకా ఆగి, తొంభయ్యో సంవత్సరపు లంకగ్రామం రిజిస్టరు చంకన పెట్టుకుని భుజంగం వెనకాల పడ్డాడు. మూడో తిరుగుడుకి అందుకున్నాడు. భుజంగం రిజిస్టరు మీద వేలు పెట్టి రుద్ది, అంటుకున్న దుమ్ము చూపించాడు.

"ఇది ఎవరైనా తెరిచి ఎన్నాళ్లయింది?"

"ముప్పై నాలుగేళ్లు అయుంటుందండీ. ఎవరికీ అవసరం పడలేదు."

"చూశావా! ఉద్యోగికి చురుకుంటే చాలదు, దస్త్రానికీ ఉండాలి. అయ్యగారు పొద్దున్నే అనుబంధ ఉత్తర్వు ఇచ్చారు." అక్కడికక్కడే దరఖాస్తు మీద రాసేశాడు: 'నిద్రాణ దస్త్రము. నకలు ఆరంభించుటకు వీలుపడదు.'

సలోమి మెట్ల మీద ఎదురుచూస్తోంది.

"ఏమన్నారు అన్నయ్యగారూ?"

పానకాలు ముఖం చూపించలేకపోయాడు. "నీ పుట్టుక చురుగ్గా లేదంటున్నారు తల్లీ."

"అంటే? నేను పుట్టానా, లేదా?"

"పుట్టావు. కాని నిద్రాణంగా పుట్టావట."

"అయ్యో రామ! నేను పుట్టినప్పుడు పెట్టిన ఏడుపుకి లంక లంకంతా లేచి కూచుందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆవిణ్ణి తీసుకురమ్మంటారా?"

అక్కర్లేదని చెప్పి, పానకాలు చక్రధరంగారి గదికి వెళ్లాడు. ఆయన చెంచాతో డబ్బాలోకి ఓట్సు చల్లుతున్నారు. లోపలి ముద్ద మెల్లగా వేళ్లు చాపుతున్నట్టు అటువైపు సాగుతోంది.

"అయ్యా, ఆ శాస్త్రవేత్తమ్మ అందరికీ నకలు అవుతుందని కూడా చెప్పిందండీ. ఒక్కటి కూడా మిగలదంది."

"అది ఆవిడ సొంత అభిప్రాయం. మనకి కావలసింది శాస్త్రం. చురుకంటే ఏమిటంది? చదవబడుతున్నది చురుకైనది అందా, లేదా? మరి ఆ రిజిస్టరు ఎవరైనా చదువుతున్నారా?"

"చదివితే చురుకవుతుందాండీ?"

"నిస్సందేహంగా."

గురువారం పొద్దున పానకాలు పారాయణం ముగించి, గ్రంథం మూసి కళ్లకద్దుకుని, లేవకుండా అలాగే కూర్చుండిపోయాడు. భార్య సుభద్ర కాఫీ తెచ్చింది. జరిగిందంతా చెప్పాడు.

"ఇంతకీ వీళ్లు తనని చూసి ఇలా చేస్తున్నారని ఆ బూజుకి తెలుసా?" అంది సుభద్ర.

"పాపం దానికేం తెలుసు."

"తెలిస్తే పారిపోయేది. పోనీండి, రోజూ ఇక్కడ పది పేజీలు చదువుతారు. అక్కడ ఆ పిల్ల పేజీ ఒక్కటి చదవలేరా?"

పానకాలు కాఫీ కూడా తాగకుండా లేచాడు.

ఆఫీసు వరండాలో పీట వేసుకుని, తూర్పుముఖంగా కూర్చుని, రిజిస్టరు తెరిచాడు. మధ్యలోంచి చదవడం అతనికి అలవాటులేదు. మొదటినుంచీ ఎత్తుకున్నాడు.

"వరుస సంఖ్య ఒకటి. మగశిశువు. తండ్రి యేసోబు, వృత్తి చేపలవేట. తల్లి మార్తమ్మ. వరుస సంఖ్య రెండు. ఆడశిశువు. తండ్రి పేరయ్య, వృత్తి పడవ నడుపుట..."

అలవాటైన గొంతు కాబట్టి మాటలు వాటంతటవే రాగం కట్టుకున్నాయి. నకళ్ల కోసం తిరుగుతున్న జనం ఒక్కొక్కరే వచ్చి కింద కూర్చున్నారు. ఒక ముసలమ్మ ప్రతి శిశువుకీ దండం పెడుతోంది. ఎవరో అరటిపళ్లు తెచ్చి రిజిస్టరు ముందు పెట్టారు. ఇన్నాళ్లూ ఈ పేర్లు తీసి, నకలిచ్చి, మూసేయడమే గాని, వరసగా ఎప్పుడూ చదవలేదే అనుకున్నాడు పానకాలు. ఒక్కో ప్రాణాన్నీ దేవుడు ఫలానా రోజున, ఫలానా ఇంటికి అని చిరునామా రాసి పంపినట్టుంది. ఇందులో నిద్రాణం ఏది?

మధ్యాహ్నం రెండింటికి "వరుస సంఖ్య నూట పద్దెనిమిది, ఆడశిశువు, పేరు సలోమి" అని చదివి, అదే ఊపులో లేచి, చదువుకుంటూనే బండి దగ్గరికి వెళ్లాడు. సలోమి వెనకాలే వెళ్లింది. మస్తాన్ మిషను మూత ఎత్తాడు. పానకాలు పేజీని అద్దం మీద బోర్లా పెట్టాడు.

"ఆగు!" అన్నాడు భుజంగం. "ఇప్పుడు దీన్ని ఎవరు చదువుతున్నారు?"

"బోర్లా పెట్టాక ఎలా చదువుతామండీ?"

"చదవకపోతే చురుకు పోయిందిగా. చురుకులేనిదానికి నకలు ఎలా తీస్తావు?"

పానకాలు రిజిస్టరు వెల్లకిలా తిప్పి చదివాడు. చురుకొచ్చింది. బోర్లా పెట్టాడు. పోయింది.

"కింద దూరి చదివితేనో?" అంది సలోమి.

భుజంగం నిజంగానే వంగి మిషను కిందికి తొంగిచూశాడు. అక్కడ వైర్లు తప్ప ఏమీ లేవు. చిక్కు ఆఫీసరుగారి దగ్గరికి వెళ్లింది. ఆయన రెండు గంటలు తలుపేసుకుని ఆలోచించి బయటికొచ్చారు.

"లోపం శాస్త్రంలో లేదు. మన చురుకు చాలడంలేదు, అంతే. ఒక్క రిజిస్టరు చదివితే ఏ మూలకి? లక్షల కేంద్రకాలండీ అక్కడ! రేపు అన్ని రిజిస్టర్లూ ఒకేసారి చదవబడాలి. దరఖాస్తుదారు ఎవరి చదువరిని వాళ్లే తెచ్చుకోవాలి. చురుకు నిండి పొర్లాలి. అప్పుడు బోర్లా పెట్టినా కాసేపు నిలుస్తుంది."

శుక్రవారం నలభైమంది దరఖాస్తుదారులు నలభైమంది చదువరులతో దిగారు. గోడల్లేని హాల్లో ఒక మూల పుట్టేవాళ్లు పుడుతున్నారు, ఇంకో మూల పోయేవాళ్లు పోతున్నారు. చదువురానివాళ్లు పురోహితుణ్ణి తెచ్చుకున్నారు. ఆయన మరణాల రిజిస్టరు చదువుతూ ప్రతి పేరుకీ "స్వర్గప్రాప్తిరస్తు" కలిపాడు. భుజంగం ఒక్కో పీట దగ్గరికీ వెళ్లి చెవి పెట్టి వింటున్నాడు. "ఇంకా పొర్లలేదు. గట్టిగా!" అంటున్నాడు. మస్తాన్ గొంతు పోయి, అరవడం మానేసి, చేత్తో సైగలు చేస్తున్నాడు.

పానకాలు నూట పద్దెనిమిదో వరుసని పొద్దున్నుంచీ నాలుగొందలసార్లు చదివాడు. గడియారం నాలుగు చూపిస్తోంది. శిక్షణ కేంద్రం ఊరికి ఆ చివర. ఆటోలో ముప్పావుగంట దారి. సలోమి గోడకి జారబడి, చేతిలో దరఖాస్తుని చుట్టచుట్టి, విప్పి, మళ్లీ చుట్టచుడుతోంది.

"పోనీలే అన్నయ్యగారూ. మీ గొంతు పోతుంది. లంకలో పురుళ్లు ఎలాగూ ఉంటాయి, నేనూ ఎలాగూ ఉంటాను" అంది. ఆ మాటకి పానకాలు చదువుతున్నది ఆగిపోయింది.

అతనొక్కడే కాదు, సరిగ్గా ఆ క్షణానికి అందరూ ఊపిరి కోసమో నీళ్ల కోసమో ఆగారు. ఆగనివాడు ఒక్కడే. తన చెల్లెలి జననం నకలు కోసం వచ్చిన రిటైరైన మేష్టరు. ముప్పై అయిదేళ్లు బళ్లో అరిచిన గొంతు. చెముడు కూడా ఉండడంవల్ల హాలు నిశ్శబ్దమైన సంగతి ఆయనకి తెలియలేదు.

"వరుస సంఖ్య నలభై ఒకటి! మగశిశువు! పేరు చక్రధరం! తండ్రి కోదండపాణి, వృత్తి తపాలా బంట్రోతు! జననం పందొమ్మిదివందల అరవై రెండు, జనవరి ఎనిమిది!"

చక్రధరంగారు గది గుమ్మంలో ఓట్సు చెంచాతో నిలబడి ఉన్నారు. తండ్రి పేరూ ఆయన తండ్రిదే, ఆ రిజిస్టరు ఊరూ ఆయనదే. చెంచాలోంచి ఓట్సు ఒక్కొక్క పలుకే రాలింది.

భుజంగానికి లెక్క ఎదురుగా ఉంటే కట్టకుండా ఉండలేని జబ్బు. "అరవై రెండా? మీ సర్వీసు పుస్తకంలో అరవై అయిదు కదండీ? అరవై రెండేళ్లకి పదవీవిరమణ అనుకుంటే..." అని వేళ్లు ముడిచి, "కిందటేడు జనవరితోనే అయిపోయిందండీ!" అన్నాడు సంబరంగా.

మస్తాన్ పోయిన గొంతుతోనే అడిగాడు. "అయితే సారూ, ఈ బూజు ఆర్డరు ఎవరిచ్చినట్టు?"

ఎవరూ నవ్వలేదు. నవ్వుని మింగుతున్న చప్పుడు మాత్రం వినబడింది.

"ఆపండి!" అన్నారు చక్రధరంగారు. "చదవడం ఆపండి! ఆ మేష్టర్ని ఆపండి! శాస్త్రం మారింది."

"ఎప్పుడండీ?" అన్నాడు భుజంగం.

"ఇప్పుడే! ఎవరూ ఏమీ చదవక్కర్లేదు. మూసేయండి అన్నీ. పానకాలూ, ఎవరికేం కావాలో ఇచ్చేసి పంపెయ్యి!"

మస్తాన్ బండిని ఒక్క తోపున తెచ్చి పానకాలు బల్ల పక్కన ఆపాడు. మొదటి నకలు సలోమిది. నాలుగుంపావు అవుతున్నా పానకాలు అసలుతో అక్షరం అక్షరం సరిచూశాడు. ఆ కాస్త చదువూ పెదాల మీదే, బయటికి వినబడకుండా. 'సరిగా ఉన్నది' అని రాసి ముద్ర వేశాడు. సలోమి అది అందుకుని, మాట కూడా చెప్పకుండా పరిగెత్తింది. గేటు బయట ఆటో ఎక్కేదాకా ఆమె కాళ్లు ఆగలేదు.

అయిదు దాటి నాలుగు నిమిషాలకి ఫోను మోగింది. "ఇచ్చేశా అన్నయ్యగారూ! కిటికీ మూయబోతుంటే చెయ్యి అడ్డంపెట్టి ఇచ్చేశా. తీసుకున్నారు. సోమవారంనుంచి రమ్మన్నారు." ఇంకా ఏదో అంటోంది గాని ఏడుపులో వినబడలేదు. లంకలో వాళ్లమ్మ చెప్పింది నిజమే అనిపించింది పానకాలుకి. మంచి గొంతు.

జనమంతా వెళ్లాక, చక్రధరంగారు తనంతట తనే నడుచుకుంటూ పానకాలు బల్ల దగ్గరికి వచ్చారు. ఆయన అక్కడికి రావడం అదే మొదలు.

"పానకాలూ, ఆ మేష్టరు చదివిన రిజిస్టరు ఎక్కడ పెట్టావు?"

"అలమరలోనేనండీ. దాని చోటులో."

"ఎవరైనా... దాని నకలు అడిగారా?"

"ఇంతవరకు లేదండీ."

"అడిగితే?"

పానకాలు ఆలోచించాడు. ఉన్న అక్షరాన్ని లేదనడం తన చేత కాదు. ఎదుటి మనిషి పరువు తీయడం కూడా తనకి ఇష్టం లేదు. ఈ రెంటి మధ్యా దారి ఉందో లేదో ఇంటికెళ్లి దేవుణ్ణి అడగాలి. ప్రస్తుతానికి నిజమైనదేదో అది చెప్పాడు.

"ప్రస్తుతం నిద్రాణంగా ఉందండీ. ఎవరూ చదవడం లేదు."

చక్రధరంగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. పానకాలు వినయంగా ఇంకో మాట కలిపాడు.

"మిషను నా పక్కన ఉన్నన్నాళ్లూ చేతినిండా పనుంటుంది కదండీ. అది మళ్లీ వరండాలోకి వెళ్లిపోతేనే, ఏమీ తోచక పాత రిజిస్టర్లు తీసి చదవాలనిపిస్తుంది. గొంతు కూడా నాకు కాస్త పెద్దదే."

ఆయన స్క్రూడ్రైవరు తెమ్మని మస్తాన్‌కి సైగచేసి, నేలమీద మోకాళ్లు ఆన్చి కూర్చుని, మిషను కింద బిగించినవాటిని ఒక్కొక్కటే స్వయంగా ఊడదీశారు. నాలుగు చక్రాలూ రెండు చేతులా పట్టుకుని, పేరుకి తగ్గట్టు లేచి నిలబడ్డారు.